కెజయత్త రాసుకున్న రోజులు

బర్నబీ కోవ్ అనే తీరపు పల్లెలో బైబిల్ తర్వాత జనం అంతగా నమ్మిన పుస్తకం కెజయా స్పిన్నీ డైరీ. నిజానికి బైబిల్ విషయంలోనైనా బాప్టిస్టులూ మెథడిస్టులూ కీచులాడుకునేవాళ్ళు గానీ, కెజయత్త డైరీ దగ్గర మాత్రం ఎవరూ నోరెత్తేవాళ్ళు కాదు. ఫలానా ఏడు అఖాతంలో మంచు ఎప్పుడు విరిగింది, ఫలానావారి ఆవు ఏ తారీఖున చూలు కట్టింది, చర్చి పొయ్యిగొట్టం ఏ గాలివానకు ఊడిపడింది అని పంతాలకు పోయిన మగవాళ్ళంతా చివరికి ఆమె వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడేవాళ్ళు.

"కెజయత్తా, వంతెన కొట్టుకుపోయింది డెబ్బై మూడులోనా, నాలుగులోనా?"

"ముందా బురద బూట్లు విప్పు. ఇల్లనుకున్నావా, పశువుల కొట్టమనుకున్నావా?"

బూట్లు విప్పాక ఆమె పిండిపీపా మీది అలమర నుంచి ఆ ఏటి పుస్తకం తీసి, వేలు తడుపుకుని పేజీలు తిప్పి, తారీఖు చదివేది. అంతటితో తగువు తీరిపోయేది. ఓడినవాడు కూడా గొణుక్కుంటూ వెళ్ళేవాడే తప్ప, నీ పుస్తకం తప్పేమో అన్నవాడు ఒక్కడూ లేడు.

పంతొమ్మిదో ఏట పెళ్ళయిన సాయంత్రం మొదలుపెట్టింది రాయడం. రోజుకు నాలుగైదు వరుసలు, అంతే. ముందు గాలి ఎటునుంచి వీచిందో, తర్వాత ఇంట్లో ఏం పని జరిగిందో, ఆ తర్వాత ఎవరొచ్చారో, వస్తామన్నవాళ్ళలో ఎవరు రాలేదో. చివర వచ్చినవాళ్ళు టీ తాగారా లేదా. ఆ తీరంలో ఇంటికొచ్చిన మనిషికి టీ ఇవ్వకపోవడం తప్పు. ఇచ్చిన టీ ముట్టకుండా లేచిపోవడం అంతకు రెండింతల తప్పు. రెండిళ్ళ మధ్య ఎప్పుడు చెడిందో, ఎన్నాళ్ళకు మళ్ళీ అతుక్కుందో తెలుసుకోవాలంటే ఆమె డైరీలో టీ సంగతి ఒక్కటి చూసుకుంటూ పోతే చాలు. తన మనసులో ఏముందో మాత్రం ఎక్కడా రాసేది కాదు. ఒకరి మీద చాడీ కూడా ఉండదు. చర్చి పెద్ద డీకన్ గారి పెళ్ళయిన ఆరో నెలకే ఆయన పెద్దకొడుకు భూమ్మీద పడ్డ సంగతి అందులో ఉంది. పెళ్ళి ఒక పేజీలో, పురుడు ఇంకో పేజీలో. మధ్యలో నెలలు ఎంచుకునే పాపం చదివేవాళ్ళది. డీకన్ గారు దారిలో ఆమె ఎదురైతే టోపీ అవసరమైనదానికంటే కాస్త ఎక్కువే ఎత్తేవాడు.

ఆమె భర్త ఓబెడ్ హెర్రింగ్ చేపల వేటకు పోయేవాడు. పద్దెనిమిది వందల అరవై ఆరులో, మార్చి నెలలో, పొగమంచు దిగిన ఒక ఉదయం పడవ వేసుకుని వెళ్ళాడు. ఆ తర్వాత ఎనిమిది రోజుల పేజీలు చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. గాలి మారుతుంది, పని మారుతుంది, చివరి మాట మాత్రం మారదు: "ఓబెడ్ రాలేదు." తొమ్మిదో రోజు పేజీలో ఇలా ఉంది: "ఆగ్నేయం గాలి. ఓబెడ్‌ను సముద్రపు పోటు తెచ్చింది. నేనే కడిగాను."

అప్పటికి కూతురు ఎల్మినాకు ఎనిమిదేళ్ళు. నీళ్ళ చెంబు పట్టుకుని పక్కన నిలబడింది.

మొగుణ్ణి తన చేత్తో కడిగిన మనిషికి ఇక భయపడేందుకు ఏముంటుందనుకున్నారో ఏమో, ఆ తర్వాత ఊళ్ళో ఎవరు పోయినా కడిగి, గుడ్డలు కట్టి, కళ్ళ మీద నాణేలు పెట్టడానికి ఆమెనే పిలిచేవాళ్ళు. ఎల్మినా కూడా వెంట వెళ్ళి ఆ పని నేర్చుకుంది. ఆ పనికి డబ్బిస్తే చావు మళ్ళీ అదే గుమ్మం వెతుక్కుంటూ వస్తుందని ఆ ఊరి నమ్మకం. అందుకే డబ్బు మాటెత్తరు. పోయిన మనిషి గుడ్డల్లో ఒకటి ఆమె చేతిలో పెడతారు. దాన్ని కాదనకూడదు. పెట్టెలో పెట్టి మూయకూడదు. బతికున్నవాళ్ళు ఎవరో ఒకరు తొడుక్కుని తిరగాలి. అలా తిరిగితేనే పోయినవాళ్ళకు నెమ్మది అని చెప్పుకునేవాళ్ళు. కెజయత్త ఒంటిమీది శాలువా ఎవరిదో, చేతి తొడుగులు ఎవరివో ఊరందరికీ తెలుసు. అదేదో నవ్వులాటగా కూడా ఉండేది. "అత్తా, నేను పోతే నా కొత్త చొక్కా నీకే" అని ముసలాళ్ళు హాస్యమాడేవాళ్ళు. "నీ చొక్కా నాకెందుకురా, బూట్లు కూడా విప్పనివాడివి, ముందు దాన్ని ఉతికించు" అనేది ఆమె.

పద్దెనిమిది వందల ఎనభై తొమ్మిది అక్టోబరు చివర్లో రూఫస్ బెంట్ కూతురు, అయిదేళ్ళ లవీనియా పోయింది. తల్లి హల్డా కోరింతదగ్గు అంది. కెజయత్త వెళ్ళి కడిగింది. ఆ తర్వాత నెల తిరిగేలోగా ఆ ఊళ్ళో పదకొండు మంది పిల్లలు పోయారు.

ఒక్కొక్కరిగా కాదు, ఇంటికిద్దరు, ముగ్గురు. గొంతు వాచేది. లోపల తెల్లటి పొర కమ్మేది. ఊపిరి కోసం పిల్లలు మంచం మీద కోళ్ళలా కొట్టుకునేవాళ్ళు. వారం గడిచాక చర్చి గంట కొట్టడం మానేశారు. బతికున్న పిల్లలు ఆ గంటకు హడలిపోతున్నారని. కొండ అవతలి పట్నం నుంచి డాక్టరు వచ్చి చూసి, ఇది కంఠసర్పి అన్నాడు. బడి మూయించాడు. జబ్బు పడ్డ పిల్లల పక్కలూ గుడ్డలూ కాల్చేయమన్నాడు. ఈ జబ్బు గుడ్డలో కాపురముంటుందని చెప్పాడు. ఎల్మినా కూతురు ఆబీ, ఆరేళ్ళది, నవంబరు పదో తారీఖున పోయింది. రెండేళ్ళ జడ్సన్ మరో నాలుగు రోజులకు పోయాడు. అల్లుడు జాబెజ్ వడ్రంగి. రెండు పెట్టెలూ తనే చేసి, తనే మేకులు కొట్టాడు. పిల్లల గుడ్డలు మూటకట్టి పెరట్లో కెజయత్తే కాల్చింది, ఎల్మినా చూడకుండా.

చావులు ఆగాయి. ఇక ఊరికి కోపం వచ్చింది.

ఏటా ఆకు రాలే కాలంలో అడవి అంచున బిర్చి చెట్టు బెరడుతో గుడిసె వేసుకుని, బుట్టలు అల్లి ఇంటింటికీ తిరిగి అమ్మే మిక్‌మా అనే ఆదివాసి తెగ ఆడమనిషి ఒకామె ఉండేది. పేరు మడలీన్. వెంట ముసలి తల్లి. అయిదారేళ్ళుగా ఊరందరికీ ఎరికే. ఊళ్ళో ఆలుగడ్డలు ఏరే బుట్టలన్నీ ఆమె చేతివే. ఇప్పుడు నలుగురు చేరిన చోటల్లా ఆమె మాటే. అక్టోబరులో వచ్చింది, లవీనియా బుగ్గ పట్టుకుంది, పిల్ల పోయింది అన్నారు. ఎవరు మొదట అన్నారో తెలియదు గానీ రెండు రోజుల్లో ఊరంతా తమ కళ్ళతో చూసినట్టే చెప్పసాగారు. ఎక్కడో ఒకచోట కోపం దించుకోవాలి. దేవుడి మీద దించుకోలేరు. బుట్టల మనిషి మీదైతే దించుకోవచ్చు, అడిగేవాళ్ళుండరు.

మేజిస్ట్రేటు ఏసాఫ్ విట్‌మన్ కాస్త నిదానస్తుడు. శనివారం బడిలో అందరూ కూర్చుని తేల్చుకుందాం, అంతవరకూ ఎవరూ తొందరపడొద్దు అని కబురు పెట్టాడు. గురువారం మధ్యాహ్నం ఎల్మినా తన తల్లి ఇంటికి వచ్చింది. జుట్టు దువ్వుకోలేదు. కోటు గుండీలు తప్పుగా పెట్టుకుంది.

"అమ్మా, ఎల్లుండి నీ పుస్తకం పట్టుకురా."

"కూర్చోవే. టీ పెడతాను."

"ఆ బుట్టలది ఏ రోజు ఊళ్ళోకి వచ్చిందో అందరి ముందూ చదువు. విట్‌మన్ గారు నీ పుస్తకంలో ఉంటే చాలన్నారు. వాళ్ళని తరిమేస్తారు. ఈ చలిలో ఎక్కడికి పోతారో పోనీ. నా పిల్లల్ని మట్టిలో పెట్టి అది వెచ్చగా మంట కాచుకుంటుందా?"

"ఎల్మినా, తినడం లేదు కదూ నువ్వు?"

"తింటా. ఆ పొగ గొట్టం లేని గుడిసెలోంచి పొగ రావడం ఆగాక తింటా. నాకింకేం వద్దమ్మా. ఇది ఎవరు చేశారో తెలిస్తే చాలు. వాళ్ళ మొహం చూసి ఉమ్మేయాలి నేను. ఆ ఒక్కటీ లేకపోతే ఏ బావిలోనో పడతా."

టీ తాగింది. సగం. వెళ్ళిపోయింది.

కూతురు వెళ్ళాక కెజయత్త అలమరలో నుంచి ఆ ఏటి పుస్తకం దించింది. ఇంకా వెలుతురు ఉంది. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుంది. మడలీన్ వచ్చిన రోజు వెతికింది. అక్టోబరంతా తిప్పింది, లేదు. నిరుడు పద్నాలుగునే వచ్చింది, అంతకు ముందు ఏడు పదహారున. ఈ ఏడు అక్టోబరులో ఆమె పేరే లేదు. చివరికి నవంబరులో దొరికింది.

"నవంబరు 6. వాన తగ్గింది. బుట్టల మడలీన్ వచ్చింది. ఈ ఏడు ఆలస్యం, తల్లికి దగ్గట. రెండు బుట్టలు తీసుకున్నాను. టీ తాగింది. ఇక్కణ్ణుంచి ఎల్మినా ఇంటికి వెళ్ళింది."

అంటే లవీనియా పోయిన వారానికి వచ్చింది మడలీన్. పైపేజీ చూసింది. "నవంబరు 5. వాన. ఆబీకి ఒళ్ళు కాలుతోంది. గొంతు నొప్పి. ఉల్లిపాయ పట్టు వేశాను." ముందు రోజే ఆబీ జబ్బున పడింది. మరి జబ్బు దానికి ఎక్కడిది? ఆమె ఇంకో పేజీ వెనక్కి తిప్పింది. ఇంకోటి. అక్కడ ఆగింది.

"అక్టోబరు 30. వాయవ్యం గాలి, చలి. బెంట్‌ల ఇంటికి పిలిచారు. లవీనియాను కడిగాను. గొంతులో తెల్లగా ఉంది. హల్డా కోరింతదగ్గు అంది. ఎర్ర ఉన్ని లంగా ఇచ్చింది. టీ తాగాను."

"నవంబరు 1. పడమటి గాలి, మంచి ఎండ. ఎల్మినా ఇంట్లో బొంతకుట్టు. తొమ్మిది మంది వచ్చారు. ఎర్ర లంగా ఆబీకి ఇచ్చాను, చాలా మురిసింది. ఆడపిల్లలందరూ ఒకరి తర్వాత ఒకరు తొడుక్కుని చూసుకున్నారు. అందరూ టీ తాగారు."

ఆ రోజు ఆమెకు కళ్ళకు కట్టింది. హాలు నిండా బొంత చట్రం. చుట్టూ తొమ్మిది మంది ఆడవాళ్ళు సూదులతో. చట్రం కింద గుడారంలా చీకటి, ఆ చీకట్లో పిల్లల గోల. ఆబీ ఎర్ర లంగా వేసుకుని గిరగిరా తిరిగింది. నాకూ, నాకూ అని మిగతా ఆడపిల్లలు ఏడ్చారు. "అందరికీ ఇవ్వవే, పిసినారి పిల్లా!" అని మనవరాల్ని మందలించింది ఎవరో కాదు, తనే. మందలించిన సంగతి డైరీలో లేదు. రాయాల్సినంత పెద్ద విషయమని ఆ రోజు అనిపించలేదు.

పెరట్లో మంటలో వేసిన మూటలో ఆ ఎర్ర లంగా కూడా ఉంది. అది కాలుతున్నప్పుడు కూడా ఆమెకు తట్టలేదు. గుడ్డలో జబ్బు కాపురముంటుందని డాక్టరు చెప్పినప్పుడు, ఆబీ గుడ్డల గురించే అనుకుంది తప్ప, ఆబీకి ఆ గుడ్డ ఎక్కడిదని ఆలోచించలేదు.

మర్నాడు శుక్రవారం. పొద్దున్నే విట్‌మన్ ఇంటికి వెళ్ళి మడలీన్ వచ్చిన తారీఖు చెప్పేయాలనుకుంది. శాలువా కప్పుకుంది. గుమ్మం దాకా వెళ్ళింది. తారీఖు చెబితే పుస్తకం చూపించమంటాడు. పుస్తకం చూపిస్తే ఆ పేజీ ఉంది. ఆ పేజీ చింపేస్తే? ముప్పై తొమ్మిదేళ్ళలో ఒక్క పేజీ చింపలేదు. అయినా చింపితే ఎవరికి తెలుస్తుంది? నిప్పుల పొయ్యి చేతికందే దూరంలోనే ఉంది. పేజీ మీద చెయ్యి పెట్టి ఎంతసేపు కూర్చుందో. ఉన్న ఒక్క కూతురు. ఇవాళ చెప్పినా, రేపు చెప్పినా ఒకటే కదా, రేపు సభ ఉండనే ఉంది అని మనసుకు సర్దిచెప్పుకుని శాలువా విప్పేసింది. మధ్యాహ్నం అడవి వైపు నల్లటి పొగ లేచింది. వంట పొగ అంత నల్లగా ఉండదు. అది ఆమెకు తెలుసు. ఆ రోజు డైరీలో రాసింది ఇంతే: "మంచు పడింది. అడవి వైపు పొగ. ఎవరూ రాలేదు."

శనివారం బడిలో పెద్దవాళ్ళు పిల్లల బల్లల మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. పలకలు గోడకు ఆనించి అలాగే ఉన్నాయి. ఎల్మినా ముందు వరుసలో, జాబెజ్ పక్కన. బొంతకుట్టుకు వచ్చిన తొమ్మిది మందిలో ఎనిమిది మంది అక్కడే ఉన్నారు. తొమ్మిదో ఆవిడ లేచి తిరిగే స్థితిలో లేదు.

"కెజయత్తా," అన్నాడు విట్‌మన్, "ఆ మనిషి ఊళ్ళోకి ఏ రోజు వచ్చిందో చదవండి. అంతే చాలు."

ఆమె నిలబడింది. కళ్ళజోడు పెట్టుకుంది. ఆరో తారీఖు పేజీ ఉన్నదున్నట్టు చదివింది.

"ఆరా?" అన్నాడు వెనకనుంచి లెమ్యుయెల్ అనే అతను. ఇద్దరు కొడుకుల్ని పోగొట్టుకున్నవాడు. "అక్టోబరు కదూ? నేను చూశానే."

"నువ్వు చూసింది నిరుటేడు, లెమ్యుయెల్. నిరుడు పద్నాలుగున వచ్చింది. అది కూడా ఉంది, చదవమంటావా?"

అతను తల వంచుకున్నాడు. బూట్ల వైపు చూస్తూనే, "ఇప్పుడు చదివి ఏం లాభం అత్తా," అన్నాడు. "నిన్నే అయిపోయింది ఆ పని. నలుగురం వెళ్ళాం. గుడిసె తగలబెట్టాం. బుట్టలు కూడా. వాళ్ళని కొట్టలేదు. కొండ వైపు నడిచిపోయారు."

"ముసలావిడ కూడానా?" అంది కెజయత్త.

"మడలీన్ వీపున మోసుకుపోయింది."

విట్‌మన్ బల్ల మీద చేత్తో కొట్టాడు. "నేను ఆగమన్నానా లేదా? మనుషులా మీరు?" అని అరిచాడు. కానీ ఆ అరుపులో కూడా పెద్ద బలం లేదు. అప్పుడే ఎవరో, "సరే, తారీఖు తప్పే అనుకోండి. ఎవరో ఒకరు తేకుండా జబ్బు రెక్కలు కట్టుకుని వచ్చిందా?" అన్నారు. అవునవునని నలుగురు గొణిగారు. చేసిన పాపం మీద కప్పడానికి వాళ్ళకు ఏదో ఒక గుడ్డ కావాలి.

ఎల్మినా లేచింది.

"అమ్మా, మడలీన్ కాకపోతే నా పిల్లకి ఎక్కణ్ణుంచి వచ్చింది? నీ పుస్తకంలో ఉండే ఉంటుంది. నీ పుస్తకంలో లేనిదేముంది? చదువు."

"ఇంటికి వెళ్ళాక చెబుతానే."

"ఇక్కడే చదువు. వీళ్ళందరి పిల్లలూ పోయారు. అందరం వినాలి."

కెజయత్త పుస్తకం మూసేయవచ్చు. తెలియదనవచ్చు. ఆమె నమ్మకస్థురాలు, ఏం చెప్పినా నమ్మేవాళ్ళు. కానీ నిన్న ఒక పూట నోరు మూసుకున్నందుకు ఒక ముసలిది మంచులో పడి ఎటు పోయిందో తెలియదు. ఆమె పేజీ వెనక్కి తిప్పి, అక్టోబరు ముప్పై చదివింది. నవంబరు ఒకటి చదివింది. గాలి ఎటునుంచి వీచిందో చదివిన గొంతుతోనే ఎర్ర లంగా సంగతీ చదివింది. "అందరూ టీ తాగారు" అన్న మాట దాకా చదివి, ఆపై పుస్తకంలో లేని మాట ఒకటి తనుగా చెప్పింది: "అందరికీ ఇవ్వమని ఆబీని మందలించింది నేనే."

హల్డా బెంట్ రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఎనిమిది మంది ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకోలేదు. ఆ లంగా తొడుక్కున్న పిల్లల్లో ఆరుగురు పోయారు. ఎవరి కూతురు ఎవరి తర్వాత తొడుక్కుందో ఇప్పుడు అందరికీ గుర్తొస్తోంది.

ఎల్మినా తన తల్లి మొహంలోకి చాలాసేపు చూసింది. ఉమ్మేస్తానన్న మనిషి ఉమ్మలేదు.

"అది వేసుకునే పడుకుంది, అమ్మా," అంది. "విప్పమంటే ఏడ్చింది. పోనీలెమ్మని దుప్పటి కప్పాను."

తర్వాత కోటు గుండీలు పెట్టుకుంటూ బయటికి నడిచింది. జాబెజ్ వెనకే వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ అత్తగారి వైపు ఒకసారి చూశాడు. ఆ రోజు డైరీలో చివరి మాట: "ఎల్మినా రాలేదు."

ఊరు ఆమెను తిట్టలేదు, వెలివేయనూ లేదు. తెలిసి చేసింది కాదని అందరికీ తెలుసు. తమ ఆచారమే కదా అని కూడా తెలుసు. కానీ ఆ తర్వాత ఎవరూ చావింటికి ఆమెను పిలవలేదు. పోయినవాళ్ళను ఎవరిళ్ళల్లో వాళ్ళే, చేతనైనట్టు కడుక్కున్నారు. గుడ్డ ఇచ్చే ఆచారం దానంతటదే పోయింది. తారీఖులు అడగడానికి మాత్రం వచ్చేవాళ్ళు, సిగ్గు లేకుండా. అయితే గుమ్మం బయటే నిలబడి అడిగేవాళ్ళు. బూట్లు విప్పే పని ఉండేది కాదు.

మరుసటేడు అక్టోబరులో మడలీన్ వచ్చింది. ఒక్కతే. వీపున బుట్టలు లేవు. మెట్టు కింద నిలబడింది.

"లోపలికి రా," అంది కెజయత్త. "టీ పెడతాను."

"వద్దు."

"మీ అమ్మ..."

"కొండ మీదనే పోయింది. రెండో రోజు. నేల గడ్డకట్టుకుపోయి ఉంది, తవ్వలేకపోయాను. రాళ్ళు పేర్చాను." మడలీన్ గొంతులో ఏడుపు లేదు, అది ఎప్పుడో అయిపోయింది. "నీ పుస్తకంలో ఉంటేనే జరిగినట్టటగా ఈ ఊళ్ళో. మా అమ్మ పేరు రాయి. మారీ అగాత్ లాబ్రడార్. రాయి, నేను చూస్తాను."

కెజయత్త నిరుటి పుస్తకం తెచ్చింది. రెండో రోజంటే డిసెంబరు ఏడు, సభ జరిగిన రోజే. "ఎల్మినా రాలేదు" అన్న మాట కింద కాస్త చోటుంది. అయిపోయిన పేజీలో మళ్ళీ కలం పెట్టడం ఆమె జన్మలో అదే మొదలు. మెట్టు మీద కూర్చుని, మోకాలి మీద పెట్టుకుని రాసింది. మడలీన్‌కు చదువు రాదు. సిరా ఆరేదాకా నిలబడి చూసి, వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ ఊరికి రాలేదు.

సభ జరిగాక పదేళ్ళు బతికింది కెజయత్త. ఎల్మినా ఇల్లు అరమైలు దూరం కూడా ఉండదు, చర్చిలో ఎల్మినా రెండు వరుసల ముందు కూర్చునేది. తొంభై రెండులో ఆమెకు ఇంకో ఆడపిల్ల పుట్టింది. పురుడు పోయడానికి పక్క ఊరి మంత్రసానిని పిలిపించారు. "ఎల్మినాకు ఆడపిల్ల అని విన్నాను. ఏ పేరు పెట్టారో తెలియదు. ఎల్మినా రాలేదు." గాలి మారింది, ఏళ్ళు మారాయి, శతాబ్దం ముగింపుకొచ్చింది. చివరి మాట మారలేదు. క్షమించమని కబురు పంపలేదా అంటే, పంపలేదు. అడిగే హక్కు తనకు లేదనుకుంది. అది వినయమో, మొండితనమో చెప్పలేం. తల్లీ కూతుళ్ళిద్దరూ ఒకే రాతి ముక్కలు.

పంతొమ్మిది వందల సంవత్సరం ఫిబ్రవరిలో, పొయ్యి పొగ రావడం లేదని పక్కింటామె వెళ్ళి చూస్తే కుర్చీలోనే పోయి ఉంది. ఆడవాళ్ళు ఏడెనిమిది మంది చేరారు గానీ ముట్టుకునే వాళ్ళు లేరు. చివరికి ఎవరో వెళ్ళి ఎల్మినా తలుపు తట్టారు.

ఎల్మినా వచ్చింది. ఎవరితో మాట్లాడలేదు. నీళ్ళు వెచ్చబెట్టించింది. "బయట ఉండండి" అంది. తల్లి నేర్పిన వరుసలోనే కడిగింది: ముందు మొహం, తర్వాత చేతులు, చివర పాదాలు. కుడిచేతి చూపుడువేలికి సిరా మరక ఉంది. ఎంత రుద్దినా పోలేదు. దవడ జారకుండా గుడ్డ కట్టింది, కళ్ళ మీద నాణేలు పెట్టింది. అంతా అయ్యాక వంటింట్లోకి వచ్చి, తల్లి గోడ కొక్కేనికి తగిలించిన బూడిదరంగు శాలువా తీసి భుజాల మీద వేసుకుంది. ఆచారం పోయి పదేళ్ళయినా.

కిటికీ దగ్గర బల్ల మీద ఆ ఏటి పుస్తకం తెరిచే ఉంది. నిన్నటి పేజీ నిండింది. చివరి మాట ఏమిటో చదివింది. ముందు పేజీ తిప్పింది. దాని ముందుది. అలమరలో ఉన్న పుస్తకాలు ఒకటొకటే దించింది. చాలాసేపు ఎవరూ లోపలికి వెళ్ళలేదు. బయట ఆడవాళ్ళకు పేజీలు తిప్పే చప్పుడు మాత్రం వినిపించింది.

తర్వాత ఆమె కుర్చీలో కూర్చుంది. ఈ రోజు పేజీ ఖాళీగా ఉంది. కలం సిరాలో ముంచి, కిటికీలోంచి ఒకసారి చూసి, తల్లి రాసే వరుసలోనే రాసింది.

"ఫిబ్రవరి 13. ఈశాన్యం గాలి, మంచు. అమ్మను కడిగాను. ఎల్మినా వచ్చింది. టీ పెట్టేవాళ్ళు లేరు."